సెషన్‌లో నైతిక చిక్కు వచ్చినప్పుడు: ఎలా తేల్చుకోవాలి, ఎవరిని ఎలా సంప్రదించాలి

థెరపీ సెషన్ ముగిసి క్లయింటు వెళ్లిపోయాక కూడా ఒక్కోసారి ఒక మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. "ఇది మా అమ్మకు మాత్రం చెప్పకండి" అన్న మాట కావచ్చు. ఫీజుకు బదులు మీ వెబ్‌సైట్ చేసిపెడతానన్నది కావచ్చు. నిరుటి క్లయింటు వ్యాపారంలో భాగస్వామిగా రమ్మని పిలవడం కావచ్చు. అలాంటప్పుడు చాలామంది థెరపిస్టులు భయపడి అప్పటికప్పుడు ఏదో ఒకటి చేసేస్తారు, లేదంటే వచ్చే వారం చూద్దాంలే అని పక్కన పెట్టేస్తారు. రెండింటివల్లా నష్టపోయేది క్లయింటే. ఈ రెండింటికీ మధ్య ఒక పద్ధతి ఉంది. అలవాటైతే మామూలు సమస్యకు గంటకు మించి పట్టదు. అందులో కీలకమైన మెట్టు మరో నిపుణుడిని సంప్రదించడం. ఎక్కువ తప్పులు జరిగేదీ అక్కడే. అడిగిన ప్రశ్న సరిగ్గా ఉంటేనే వచ్చిన సలహా పనికొస్తుంది. ప్రశ్నను సరిగ్గా తయారుచేసుకునే పని మాత్రం పూర్తిగా మీదే.

ముందు గడియారం చూడండి

నిర్ణయానికి ఎంత వ్యవధి ఉంది? గంటలా, రోజులా, వారాలా? ఇది తేలకుండా మిగతావేవీ మొదలుపెట్టకండి.

ఎవరి ప్రాణానికైనా ఇప్పుడే ముప్పుంటే గంటల లెక్క. క్లయింటు ఇంకా గదిలో ఉండగానే నేరుగా అడగాలి: తనకు గానీ ఇతరులకు గానీ హాని చేయాలన్న ఉద్దేశం ఉందా, ఎలా అన్న పథకం ఉందా, అందుకు కావలసినవి చేతికి అందేలా ఉన్నాయా, ఎప్పుడు అనుకుంటున్నారు, ఇతరులకు హాని చేసే విషయమైతే ఎవరికి. ఇలా నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్న భయం అక్కర్లేదు. డొంకతిరుగుడుగా అడిగితే జవాబూ అలాగే వస్తుంది, దానిమీద ఏ నిర్ణయమూ నిలబడదు. ఇలాంటి వేళ క్లయింటును ఒంటరిగా పంపకుండా, పక్క గదిలోంచి సీనియర్‌కు అయిదు నిమిషాల ఫోన్ చేయడం కూడా కన్సల్టేషనే, అంటే సంప్రదింపే. ఫోన్ ఎత్తకపోతే ఆగకూడదు. భద్రతకు కావలసింది చేసి, ఆ తర్వాత సంప్రదించండి.

లాయరు నుంచి వచ్చిన ఉత్తరానికి సాధారణంగా రోజుల వ్యవధి ఉంటుంది. ఫలానా క్లయింటు రికార్డు పంపండి అని అందులో ఎంత గట్టిగా రాసినా, లాయరు ఉత్తరం కోర్టు ఉత్తర్వు కాదు. వెంటనే పంపేయడం తప్పు, చింపి పారేయడం ఇంకా పెద్ద తప్పు. తేదీ వేసి ఫైల్లో పెట్టి, న్యాయసలహా తీసుకుని, క్లయింటుతో మాట్లాడాకే జవాబివ్వాలి. ఆ వ్యక్తి మీ క్లయింటు అని ఒప్పుకోవడం కూడా గోప్యత కిందికే వస్తుంది కాబట్టి అవతలివాళ్లు ఫోన్ చేసినా అవునని గానీ కాదని గానీ అనకండి.

బహుమతులు, పెళ్లి పిలుపులు, సోషల్ మీడియా స్నేహాల వంటివాటికి చాలాసార్లు వారాల వ్యవధి ఉంటుంది. "దీని గురించి కొంచెం ఆలోచించి వచ్చే సెషన్‌లో మాట్లాడుకుందాం" అనే హక్కు మీకెప్పుడూ ఉంది.

కాగితం మీద రెండు గళ్లు

ఒక కాగితాన్ని నిలువుగా రెండు గళ్లు చేయండి. ఎడమవైపు మీరు విన్నది, చూసింది మాత్రమే రాయండి, వీలైనంతవరకు క్లయింటు మాటల్లోనే. కుడివైపు మీరు ఊహించుకున్నది రాయండి. "వాడి పని చెప్తా అన్నాడు, పిడికిలి బిగించాడు" అనేది ఎడమవైపు. "అన్నను కొట్టే ఉద్దేశంలో ఉన్నాడు" అనేది కుడివైపు. కుడి గడి నిండిపోయి ఎడమ గడి ఖాళీగా ఉంటే మీకు ముందు కావలసింది సలహా కాదు, సమాచారం. తర్వాతి సెషన్ వరకు ఆగే వ్యవధి లేకపోతే క్లయింటుకే ఫోన్ చేసి అడగండి.

అదే కాగితం కింద, ఈ నిర్ణయం ఎవరెవరిని తాకుతుందో రాయండి. క్లయింటు ఒక్కరే అనుకున్న చోట తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, ఇంట్లో చిన్నపిల్లలు, ఫీజు కట్టే సంస్థ, మిమ్మల్ని పర్యవేక్షించే సూపర్‌వైజరు బయటపడతారు. ఫీజు కట్టేవాళ్లు వేరు, క్లయింటు వేరు అయిన ప్రతి కేసులోనూ "నా క్లయింటు ఎవరు?" అన్న ప్రశ్న మొదటి రోజే తేలి ఉండాలి. తేలకపోతే సగం చిక్కులు అక్కడినుంచే పుడతాయి.

చట్టం, తర్వాత నియమావళి, తర్వాత సూత్రాలు

ఈ వరుస తప్పకండి. ముందు చట్టం. మీరు పనిచేసే చోట ఏ సమాచారాన్ని తప్పనిసరిగా తెలియజేయాలో తెలియకుండా సూత్రాలు చర్చించడం వృథా. పిల్లలపై వేధింపులు దీనికి స్పష్టమైన ఉదాహరణ. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ, భారతదేశంలో లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద లైంగిక వేధింపుల విషయంలోనూ, తెలియజేయాల్సిన బాధ్యత ఉంది. అలాంటి చోట చెప్పాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎలా చెప్పాలి, క్లయింటుకు ముందుగా ఏం చెప్పాలి, తర్వాత థెరపీ ఎలా సాగించాలి అన్నవే మీరు తేల్చుకోవలసినవి.

ఇతరుల ప్రాణానికి ముప్పు విషయంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది అమెరికాలోని టారాసాఫ్ కేసు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో చికిత్స పొందుతున్న ఒక విద్యార్థి ఒక యువతిని చంపే ఉద్దేశం బయటపెట్టాడు. అతని సైకాలజిస్టు మరో ఇద్దరు వైద్యులతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నాక క్యాంపస్ పోలీసులకు తెలియజేశాడు. పోలీసులు అతణ్ని ప్రశ్నించి వదిలేశారు. ఆ యువతికి గానీ ఆమె కుటుంబానికి గానీ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. 1969 అక్టోబరులో ఆమె హత్యకు గురైంది. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ముప్పులో ఉన్న వ్యక్తిని కాపాడేందుకు తగిన జాగ్రత్త తీసుకోవడం థెరపిస్టు బాధ్యత అని చెప్పింది. ఈ కేసును గోప్యతకు మినహాయింపుగానే చాలామంది గుర్తుపెట్టుకుంటారు. మనం గమనించాల్సిన సంగతి ఇంకొకటి కూడా ఉంది. ఇక్కడ సంప్రదింపు జరిగింది, పోలీసులకు సమాచారమూ వెళ్లింది. అయినా ముప్పులో ఉన్న మనిషికి ఎవరు చెప్పాలన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. సంప్రదింపు ముగిసేలోపు "ఎవరు, ఏం, ఎప్పటిలోగా" అన్నది తేలాలని పట్టుబట్టేది అందుకే. ఆ తీర్పు ప్రతి చోటా చట్టం కాదు. అమెరికాలోనే రాష్ట్రానికో తీరుగా ఉంది. మీ ప్రాంతపు చట్టమేమిటో ముందే తెలుసుకుని ఒక పేజీలో రాసి దగ్గర పెట్టుకోండి.

తర్వాత మీ వృత్తి సంఘం నియమావళి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి 2002లో ఆమోదం పొంది 2003 నుంచి అమల్లోకి వచ్చింది, 2010, 2016లలో సవరణలు జరిగాయి. అందులో 3.05 నిబంధన ద్వంద్వ సంబంధాల గురించి, అంటే క్లయింటుతో థెరపీ కాకుండా మరో సంబంధం కూడా ఉండటం గురించి. అన్ని ద్వంద్వ సంబంధాలూ తప్పని అది అనదు. మీ నిష్పాక్షికత, సామర్థ్యం దెబ్బతినేలా ఉన్నా, క్లయింటుకు దోపిడీ లేదా హాని జరిగేలా ఉన్నా ఆ సంబంధంలోకి వెళ్లకూడదంటుంది. చట్టం ఒకటి చెప్పి నియమావళి ఇంకొకటి చెప్పినప్పుడు ఏం చేయాలో 1.02 చెబుతుంది: ఆ ఘర్షణ ఏమిటో స్పష్టం చేయాలి, నియమావళికి కట్టుబడి ఉన్నానని తెలియజేయాలి, పరిష్కారానికి తగిన చర్యలు తీసుకోవాలి. మానవహక్కుల ఉల్లంఘనను సమర్థించుకోవడానికి ఈ నిబంధనను వాడుకోకూడదన్న మాట 2010 సవరణలో చేరింది.

నియమావళిలో సూటి జవాబు దొరకనప్పుడు సూత్రాల అవసరం పడుతుంది. ఇక్కడ కెనడా సైకాలజిస్టుల నియమావళి ఎక్కువ ఉపయోగపడుతుందని మా అభిప్రాయం. 1986లో మొదటిసారి, 2017లో నాలుగో కూర్పుగా వచ్చిన ఆ నియమావళి నాలుగు సూత్రాలను ప్రాధాన్య క్రమంలో పెట్టింది: వ్యక్తుల, ప్రజల గౌరవం, బాధ్యతతో కూడిన సంరక్షణ, సంబంధాల్లో నిజాయితీ, సమాజం పట్ల బాధ్యత. రెండు సూత్రాలు ఢీకొంటే సాధారణంగా ముందున్నదానికే బరువెక్కువ. ఎవరి శారీరక భద్రతకైనా స్పష్టమైన, తక్షణ ప్రమాదం ఉన్నప్పుడు ఈ వరుసకు మినహాయింపు ఉంది. క్రమం ఉండటంవల్ల "అన్నీ ముఖ్యమే" అన్న చోట మనం ఇరుక్కుపోం.

మీ మనసు ఎటు లాగుతోంది?

ఈ ప్రశ్నకు జవాబు రాయకుండా సలహాకు వెళ్లకండి. ఈ క్లయింటు మానేస్తే ఆదాయం తగ్గుతుందా? ఫిర్యాదు వస్తుందన్న భయం ఉందా? ఈ మనిషంటే ప్రత్యేకమైన ఇష్టం గానీ విసుగు గానీ ఉందా? అలసటవల్ల సులువైన దారి వైపు మొగ్గుతున్నారా? ఇలాంటివి ఉండటం తప్పేమీ కాదు. దాచుకుంటే మాత్రం సలహా ఇచ్చేవాళ్లకు సగం బొమ్మే కనిపిస్తుంది. ఒక గట్టి గుర్తు చెప్పుకోవాలంటే, "ఈ క్లయింటు విషయం వేరు" అని మీకు మీరే చెప్పుకుంటున్నా, ఈ సంగతి నోట్సులో రాయకపోతే బాగుండుననిపించినా, ఆ రోజే ఎవరినైనా సంప్రదించాలి.

తర్వాత దారులు రాయండి, కనీసం మూడు. రెండే కనిపిస్తున్నాయంటే మీరు "చెప్పాలా, వద్దా" అన్న చోటే ఆగిపోయారని అర్థం. క్లయింటే చెప్పేలా సిద్ధం చేయడం, మీ సమక్షంలో ఇద్దరినీ కూర్చోబెట్టడం, కొంత మాత్రమే చెప్పడం, ఇన్ని రోజులు గమనించి చూడటం వంటివి మధ్యలో ఉంటాయి. ఏమీ చేయకపోవడం కూడా ఒక దారే, దాని ఫలితాలూ రాయాలి.

ఎవరిని అడగాలి

సూపర్‌విజన్, కన్సల్టేషన్ ఒకటి కావు. సూపర్‌వైజరుకు మీ పనిమీద అధికారం ఉంటుంది, బాధ్యతలో భాగం ఉంటుంది, ఆయన చెప్పింది మీరు పాటించాలి. కన్సల్టెంటు సలహా మాత్రమే ఇస్తారు. విని పక్కన పెట్టే స్వేచ్ఛ మీకుంది, నిర్ణయమూ దాని ఫలితమూ మీవే. శిక్షణలో ఉన్నవాళ్లు సూపర్‌వైజరును దాటి బయట సలహా తీసుకుని దాని ప్రకారం నడిస్తే ఇద్దరికీ చిక్కే.

చికిత్సకు సంబంధించిన ప్రశ్నైతే ఆ రకం క్లయింట్లతో పనిచేసిన సీనియర్‌ను అడగండి. మీకు పిల్లల కేసు వస్తే పెద్దల థెరపీలో పేరున్నవారి సలహా చాలదు. చట్టం ప్రశ్నైతే లాయరునే అడగండి, ఎందుకంటే తోటి సైకాలజిస్టు చెప్పే చట్టం చాలాసార్లు విన్న మాట అయి ఉంటుంది. వృత్తి బీమా ఉంటే, దానికింద సలహా ఇచ్చే ఏర్పాటు ఉందేమో పాలసీలో చూసుకోండి. వృత్తి సంఘాల నైతిక కమిటీలు నిబంధన అర్థాన్ని వివరించగలవు గానీ మీ కేసును తేల్చిపెట్టవు.

ఎంచుకోవడంలో జరిగే తప్పులు ఎక్కువగా మనసుకు సంబంధించినవే. మనం ఏం చేసినా సరేననే స్నేహితుడికి ఫోన్ చేస్తాం. నచ్చిన జవాబు వచ్చేదాకా ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ పోతాం. రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు, కానీ మొదటివారు ఏమన్నారో రెండోవారికి చెప్పండి, రికార్డులో ఇద్దరి మాటా రాయండి. "వద్దు" అన్న చరిత్ర ఉన్నవారు మీ జాబితాలో కనీసం ఒకరుండాలి. చిక్కు వచ్చాక వెతుక్కోవడం కష్టం. ఇద్దరు ముగ్గురితో ముందే మాట్లాడుకుని, ఏ వేళల్లో దొరుకుతారు, గంటకు ఎంత తీసుకుంటారు అన్నది తేల్చుకోండి. డబ్బు ఇచ్చి తీసుకునే సలహాలో ఒక మేలుంది: వాళ్లు పూర్తిగా వింటారు, మీరూ సిద్ధమై వెళ్తారు.

ప్రశ్నను పదును పెట్టడం

"16 ఏళ్ల అమ్మాయి తనను తాను గాయపరుచుకుంటోంది, ఇంట్లో చెప్పాలా?" ఇలా అడిగితే అవతలివారు తమ అలవాటు ప్రకారం అవుననో కాదనో అంటారు. అది మీ కేసు గురించిన సలహా కాదు. అదే సమస్యను ఇలా అడగండి:

"క్లయింటుకు 16 ఏళ్లు, ఇది నాలుగో సెషన్. రెండు నెలలుగా వారానికి ఒకటి రెండుసార్లు చేతిమీద పైపైన గాయాలు చేసుకుంటోంది. వైద్యం అవసరమైన గాయం ఇంతవరకు లేదు. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని నేరుగా అడిగాను, లేదంది. గతంలో ప్రయత్నం లేదు. తల్లికి తెలిస్తే థెరపీకి రానంటోంది. మొదటి రోజు తల్లీకూతుళ్లు సంతకం చేసిన పత్రంలో తీవ్రమైన ప్రమాదం ఉంటేనే ఇంట్లో చెబుతానని ఉంది. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి: రేపే తల్లికి చెప్పడం, రెండు సెషన్లలో అమ్మాయే నా ముందు తల్లికి చెప్పేలా సిద్ధం చేయడం, భద్రతా ప్రణాళిక రాసుకుని గమనించడం. నేను రెండోదాని వైపున్నాను. మైనరు విషయంలో తల్లిదండ్రుల హక్కు గురించి మా దగ్గరి చట్టం చూశాను. నా ప్రశ్నలు రెండు. ఈ స్థితి ఆ పత్రంలోని తీవ్రమైన ప్రమాదం కిందికి వస్తుందా? నేను అడగకుండా వదిలేసిన ప్రమాద సూచన ఏదైనా ఉందా?"

ఇలా అడిగితే జవాబు కూడా వేరుగా వస్తుంది. "గాయాలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? మత్తు పదార్థాల అలవాటుందా? ఒక్కతే ఉన్నప్పుడా, ఎవరితోనైనా గొడవ తర్వాతా? ఇంట్లో చెబితే ఆమెకే ప్రమాదమా, అంటే కొట్టే ఇల్లా?" అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్న దారి మొత్తాన్ని మార్చేయగలదు. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే ముందు అది కనుక్కోవాలి.

ఎంత చెప్పాలి

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళిలో 4.06 సూటిగా ఉంది. ముందుగా సమ్మతి తీసుకోనిదే, లేదా చెప్పక తప్పనిదైతే తప్ప, క్లయింటును గుర్తుపట్టేలాంటి సమాచారం సంప్రదింపులో చెప్పకూడదు. చెప్పినా అవసరమైనంతే.

పేరు తీసేస్తే సరిపోతుందనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మనిషిని పట్టిచ్చేది వివరాల కలయిక. ఉద్యోగం, ఊరు, ఇటీవలి ఒక సంఘటన, ఈ మూడూ కలిస్తే పేరు అక్కర్లేదు. ఒక పరీక్ష పెట్టుకోండి: ఈ సంభాషణను క్లయింటు తమ్ముడు విన్నాడనుకోండి, గుర్తుపడతాడా? గుర్తుపట్టేలా ఉంటే వివరాలు తగ్గించండి. వయసును "పదహారు, పదిహేడు మధ్య" అనవచ్చు, కానీ మైనరా కాదా అన్నదానిమీద చట్టం ఆధారపడితే దాన్ని మార్చకండి. ఉద్యోగాన్ని "ప్రజలతో పనిచేసే వృత్తి" అనవచ్చు. నిర్ణయాన్ని మార్చే వివరం ఉండాలి, మార్చనిది పోవాలి. మాట్లాడటం మొదలుపెట్టేముందే కన్సల్టెంటుకు ఈ కుటుంబంతో పరిచయం ఉండే అవకాశం ఉందేమో చూసుకోండి. ఉందనిపిస్తే వేరేవారిని అడగండి.

వాట్సాప్ గ్రూపులో కేసు పెట్టి "సీనియర్లు కాస్త చెప్పండి" అనడం కన్సల్టేషన్ కాదు. ఎవరు చదివారో, ఎవరు స్క్రీన్‌షాట్ తీశారో మీకు తెలియదు, జవాబిచ్చినవారు పూర్తిగా వినలేదు. చాట్‌బాట్‌లో సెషన్ నోట్సు అతికించి సలహా అడగడమూ అంతే. ఆ సమాచారం ఎక్కడ నిలవ ఉంటుందో మీ చేతిలో ఉండదు, మీ క్లయింటు దానికి ఒప్పుకోనూ లేదు. నిబంధన ఎక్కడుందో వెతకడానికి వాడుకోండి, క్లయింటు కథను మాత్రం అందులో పెట్టకండి.

ఫోన్ చేసినప్పుడు మొదటి రెండు వాక్యాలు ఇవి: "మేడం, ఒక కేసు మీద వృత్తిపరమైన సలహా కావాలి, 20 నిమిషాలు దొరుకుతాయా? మీతో మాట్లాడినట్టు మీ పేరుతో నా రికార్డులో రాసుకోవచ్చా?" పిచ్చాపాటీగా మొదలై మధ్యలో కేసు దూరిపోయే సంభాషణలో అవతలివారు కూడా పిచ్చాపాటీగానే మాట్లాడతారు, తర్వాత తమ పేరు రికార్డులో కనబడితే ఉలిక్కిపడతారు. ముగించే ముందు విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి: "అంటే మీరు అంటున్నది ఇది, సరేనా?" ఇద్దరూ రెండు వేరు విషయాలు ఒప్పుకున్నారని చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది.

అదే రోజు రాయండి

మరుసటి రోజుకు జ్ఞాపకం మనకు అనుకూలంగా మారిపోతుంది. పది చిన్న వాక్యాలు చాలు. పైన చెప్పిన కేసుకు ఇలా ఉంటుంది:

"తేదీ, సాయంత్రం 5:40 నుంచి 6:05. ఫలానా వారితో ఫోన్‌లో కన్సల్టేషన్, పేరు రాయడానికి ఒప్పుకున్నారు. గుర్తింపు వివరాలు చెప్పలేదు. ప్రశ్న: స్వీయ గాయాల విషయం తల్లికి ఇప్పుడే చెప్పాలా. సలహా: ఇంట్లో హింస ఉందేమో ముందు తెలుసుకోవాలి, గాయాలు పెరిగితే వెంటనే చెప్పాలి. చూసిన దారులు మూడు. ఎంచుకున్నది: అమ్మాయి తానే నా సమక్షంలో చెప్పేలా రెండు సెషన్లలో సిద్ధం చేయడం, ఈలోపు భద్రతా ప్రణాళిక. వెంటనే చెప్పడాన్ని ఎంచుకోని కారణం: చనిపోయే ఉద్దేశం, పథకం లేవు, చికిత్స ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. గాయం లోతైనా, చనిపోవాలన్న మాట వచ్చినా అదే రోజు తల్లికి చెబుతానని క్లయింటుకు తెలియజేశాను. తిరిగి చూసే తేదీ: 14 రోజుల్లో."

వదిలేసిన దారిని, ఎందుకు వదిలేశారన్న కారణాన్ని రాయడం అన్నిటికన్నా ముఖ్యం. రేపు ఫిర్యాదు వస్తే పరిశీలించేవారు మీరు తప్పు చేయలేదని మాత్రమే చూడరు, ఆ రోజు మీకు తెలిసినదాన్నిబట్టి సరిగ్గా ఆలోచించారా అని చూస్తారు. ఒకసారి రాసిన నోట్సును తర్వాత దిద్దకండి. చేర్చాల్సింది ఉంటే కొత్త తేదీ వేసి కింద చేర్చండి.

క్లయింటు దగ్గర దాపరికం వద్దు. మొదటి రోజు సమ్మతి పత్రంలోనే "అవసరమైతే మీ పేరు చెప్పకుండా తోటి నిపుణుల సలహా తీసుకుంటాను" అన్న వాక్యం ఉండాలి, దాన్ని చదివి వినిపించాలి. గోప్యతను దాటక తప్పని పరిస్థితి వస్తే, ప్రాణానికి ముప్పు పెరగనంతవరకు ముందుగా క్లయింటుకే చెప్పండి: ఏం చెప్పబోతున్నారు, ఎవరికి, ఎందుకు. "మీ అమ్మగారితో ఫోన్‌లో నువ్వు మాట్లాడతావా, నేను మాట్లాడనా, ఇద్దరం కలిసి మాట్లాడదామా?" అని అడిగితే, చెప్పాలన్నది తేలిపోయినా ఎలా చెప్పాలన్నదానిలో ఆ పిల్లకు కొంత అధికారం మిగులుతుంది. తర్వాత తను థెరపీకి తిరిగి రావడం చాలావరకు దీనిమీదే ఆధారపడుతుంది.

తోటి సైకాలజిస్టు తప్పు చేస్తున్నట్టు తెలిసినప్పుడు కూడా ఈ మెట్లే. చిన్న విషయమైతే, క్లయింటు గోప్యత దెబ్బతినకపోతే ముందు ఆయనతోనే నేరుగా మాట్లాడాలి. గణనీయమైన హాని జరిగినా, జరిగేలా ఉన్నా, మాట్లాడినా ఫలితం లేకపోయినా సంఘానికో లైసెన్సు ఇచ్చే సంస్థకో తెలియజేయాలి. మీకు ఆ సంగతి మీ క్లయింటు ద్వారా తెలిసి ఉంటే, క్లయింటు సమ్మతి లేకుండా ఒక్క అడుగూ వేయకండి. తెలియజేసి తీరాలని చట్టమే చెబితే అది వేరు.

చివరిది తిరిగి చూసే తేదీ. క్యాలెండర్లో వేసి, ఆ రోజు పావుగంట కూర్చుని నాలుగు చూడండి: మీరు ఊహించింది జరిగిందా, ఎడమ గడిలో కొత్తగా ఏం చేరింది, సలహాలో దేన్ని పాటించలేదు, ఎందుకు పాటించలేదు. పరిస్థితి మారి ఉంటే పాత సలహా చెల్లదు. అదే కన్సల్టెంటుకు మళ్లీ ఫోన్ చేసి, మారిన సంగతులు చెప్పి, ప్రశ్నను కొత్తగా అడగండి.